సర్ జాన్ బెన్నెట్ లాసు జీవితము

వేరుసెనగ మొక్కను గాని, కందిమొక్కను గాని మెల్లగా పెకలించి, వేళ్ళకంటిన మన్నును నీటితో కడిగి చూచినచో, వానిమీద ఆవగింజలంతేసి బుడిపెలు పెక్కులు కనబడును. మన విద్యార్థులలో సేద్యగాండ్ర బిడ్డలు పలువురు గలరు గనుక వీనిని చూడనివారరుదు. బాగుగా ఎదిగిన బుడిపె నొకదానిని గోటితో చిదిమినచో లోపల ఎఱుపురంగు అగపడును. అది తెగులు కాదు. పురుగు చేసిన గాయమును కాదు. ఆ బుడిపెలో జరుగు పని యేమో నిశ్చయముగా తెలిసికొనుటకు ఐరోపాఖండపు పండితులకు ఏబది సంవత్సరములు పట్టినది. ఆ విచారణలో ఒక మహనీయుడు తాను ఇంచుమించు ముప్పది యేండ్లు నమ్మియుండిన మాటను డెబ్బది యేండ్లు దాటిన ప్రాయమున మరల పరీక్షకు పెట్టి, సత్యమునకు తలయొగ్గెను. భూమికి భాస్వరపుటెరువును సమకూర్చిన వాడును ఆయనయే. అట్టివాని చరిత్రము మన పత్రిక చదువరులకు ఉపయుక్తమని తలంచి ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ బెన్నెట్ లాసు 1814వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరమున కుత్తరముగా నున్న హెర్ట్‌ఫర్డ్‌షైరు మండలములో, హార్పెండెన్ గ్రామము చెంతగల రోథాంస్టెడ్ అను తమ వంశపు ఎస్టేటులో జన్మించెను. ఆయన ఇంకను పసివాడై యుండగనే 1822లో తండ్రి గతించెను. తల్లియే కుమారుని పెంచెను. ఈటన్ పాఠశాలయందును, ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కళాశాలయందును ఆయన చదివెను గాని, పట్టము పొందకయే ఇల్లు చేరెను. నాటి విద్యాలయములలో ప్రధానముగా నేర్పబడు ప్రాచీనభాషలయందు ఆయనకు రుచి పుట్టలేదు. ఆయన మనస్సంతయు రసాయనశాస్త్రముమీదనే యుండెను. 1834లో సుమారు 250 ఎకరముల సొంత సేద్యమును స్వయముగా చేపట్టెను.

భూస్వాముల బిడ్డలు వేటతోను వినోదములతోను ప్రొద్దుపుచ్చు కాలమది. ఈ యువకుడు మాత్రము తన యింటిలోని పడకగది నొకదానిని ప్రయోగశాలగా మార్చుకొనెను. ఆ గదినుండి వెడలు పొగలను, దుర్గంధమును తల్లి యెంతటి ఓర్పుతో సహించెనో మన తల్లులు ఊహించుకొనగలరు. మొదట ఆయన గసగసాలు మొదలగు ఔషధపు మొక్కలను పొలములో పెంచి, వానినుండి మందులు తీయుటకు యత్నించెను. ఇంతలో ఆ ప్రాంతపు భూస్వామియగు డేకర్ ప్రభువు ఒక వింతను ఆయన దృష్టికి తెచ్చెను. ఎముకల పొడిని టర్నిప్ దుంపల పైరునకు చల్లినప్పుడు ఒక పొలములో అది అమూల్యమైన ఎరువుగా పనిచేయుచు, మఱియొక పొలములో ఎంతమాత్రమును పనికిరాకుండుటకు కారణమేమని ఆయన ప్రశ్న. ఈ ప్రశ్న లాసును విడువలేదు.

ఎముకలయందు భాస్వరము సమృద్ధిగా కలదు. కాని అది సున్నముతో గట్టిగా కూడియుండుటచే నీటిలో కరుగదు. నీటిలో కరుగనిదానిని మొక్క వేళ్ళతో త్రాగజాలదు. ఆమ్లగుణము గల కొన్ని నేలలలో అది మెల్లగా విడిపోయి పైరునకు అందును. తక్కిన నేలలలో రాతిపొడివలె పడియుండును. 1839 ప్రాంతమున లాసు ఎముకలపైని, భాస్వరము గల రాళ్ళపైని గంధకామ్లమును పోసి, ఆ వచ్చిన పదార్థమును మొదట కుండీలలోని మొక్కలకును, పిదప పొలములోని పైరునకును వేసి చూచెను. గంధకామ్లము సున్నములో కొంతభాగమును తనవైపు లాగికొని జిప్సముగా మాఱును. మిగిలిన భాస్వరపు లవణము నీటిలో కరుగును. పైరు కన్నులపండువుగా ఎదిగినది. ఆ యెరువునకు సూపర్ ఫాస్ఫేటు అని పేరు. 1842 మే 23వ తేదీన లాసు దానికి పేటెంటు హక్కు పొందెను.

ఈ యూహ ఆయన కొక్కనికే తోచినదని చెప్పుట న్యాయము కాదు. జర్మనీ దేశపు రసాయనశాస్త్రవేత్త లీబిగ్ 1840లోనే ఎముకలను గంధకామ్లముతో కలిపి వాడవచ్చునని వ్రాసియుండెను. ఐర్లండుకు చెందిన జేమ్స్ మఱ్ఱీ అను వైద్యుడు సరిగా ఆ దినముననే మఱియొక పేటెంటు పొందెను. లాసు తరువాత దానిని కొనెను. అయినను ఊహను సరకుగా మార్చి, బస్తాలకెత్తి, రైతు గడపకు చేర్చిన ఘనత లాసుదే. 1842 డిసెంబరులో ఆయనకు వివాహమయ్యెను. క్రొత్తపెండ్లికొమారుడు భార్యను దేశాటనమునకు గొనిపోవుటకు మాఱు, థేమ్స్ నదిమీద పడవనెక్కించి ఎరువుల కర్మాగారమునకు తగిన చోటును వెదకెనని చెప్పుదురు. 1843లో డెట్‌ఫర్డ్ వద్ద ఆ కర్మాగారము వెలసినది. అది మొదలుకొని ధనము ఆయన యింటికి ప్రవాహమువలె రాసాగెను.

ఆ ధనముతో ఆయన యేమిచేసెననునది మన బాలురు గమనింపవలసిన విషయము. అదే 1843 జూను నెలలో జోసెఫ్ హెన్రీ గిల్బర్టు అను ఇరువదియైదేండ్ల రసాయనశాస్త్రవేత్తను ఆయన తన పొలములోని ప్రయోగములకు నియమించుకొనెను. గిల్బర్టు లీబిగ్ వద్దనే చదివినవాడు. చిన్ననాట తుపాకి ప్రమాదములో ఒక కన్ను పోగొట్టుకొనినవాడు. లాసు త్వరగా గ్రహించి త్వరగా నిర్ణయించు స్వభావము కలవాడు. గిల్బర్టు ప్రతి యంకెను పలుమాఱులు తూచి సరిచూచువాడు. ఇట్లు వేఱువేఱు స్వభావములు గల యిరువురు ఏబదియేడు సంవత్సరములు కలిసి పనిచేసిరి. 1843 శరత్కాలమున బ్రాడ్‌బాక్ అను పొలములో వారు గోధుమ విత్తిరి. ఆ పొలమును మళ్ళుగా విభజించి, ఒకదానికి ఎరువే లేక, ఒకదానికి పశువులపెంట, ఒకదానికి ఖనిజములు, ఒకదానికి నత్రజని లవణములు వేసి, ఏటేట పంటను తూచుచు వచ్చిరి. లోకములో నేటికిని నడచుచున్న వ్యవసాయప్రయోగములలో దానికంటె పాతది లేదు.

ఈ తూనికలే గురువగు లీబిగ్‌తో వివాదము తెచ్చిపెట్టెను. పైరునకు ఖనిజములు చాలుననియు, నత్రజనిని అది గాలిలోని అమ్మోనియానుండి పొందగలదనియు లీబిగ్ బోధించుచుండెను. బ్రాడ్‌బాక్‌లోని గోధుమ దానికి సమ్మతింపలేదు. ఖనిజములు మాత్రమే వేసిన మడి, ఏమియు వేయని మడికంటె కొంచెమే మెఱుగుగా నుండెను. నత్రజని లవణములు కూడ చేర్చిన మడి విరివిగా పండెను. గోధుమ, బార్లీ మొదలగు గడ్డిజాతి ధాన్యములకు నత్రజనిని మనమే ఈయవలెనని లాసు, గిల్బర్టులు స్థిరపఱచిరి.

కాని కాయధాన్యముల సంగతి వచ్చునప్పటికి వారి లెక్కలన్నియు తలక్రిందులయ్యెను. చిక్కుడు, బఠాణి, పశువుల మేతకై పెంచు క్లోవరు మొదలగు వానికి నత్రజని వేసినను గొప్ప ఫలము కనబడదు. వేయకున్నను వానియందు నత్రజని మెండుగా నుండును. 1856లో పార్క్ గ్రాస్ అను పచ్చికబయలులో ఆరంభించిన ప్రయోగములో ఈ వింత కన్నులకు కట్టినట్లుండెను. భాస్వరము, పొటాషు మాత్రమే వేసిన భాగములో క్లోవరు మొదలగు కాయజాతి మొక్కలు గుంపులు గుంపులుగా లేచెను. నత్రజని లవణములు వేసిన భాగములో గడ్డి పెరిగి, అవి యించుమించు మాయమయ్యెను. మఱియొక పొలములో 1873లో లెక్క చూడగా, ఎకరమునకు బార్లీ పైరు సుమారు 37 పౌనుల నత్రజనిని తీసికొనిపోగా, క్లోవరు సుమారు 151 పౌనులు తీసికొనిపోయెను. అంత తీసికొనిపోయిన నేల దరిద్రము కావలెను గదా! మరుసటి యేట రెండు భాగములలోను బార్లీ విత్తగా, బార్లీ వెనుక వచ్చిన బార్లీలో 39 పౌనులును, క్లోవరు వెనుక వచ్చిన బార్లీలో 69 పౌనులును నత్రజని తేలెను. అప్పుచేసి దానము చేసినవాడు మఱింత ధనవంతుడైనట్లున్నది ఈ లెక్క.

ఈ నత్రజని గాలిలోనిదే యని కొందఱికి అంతకుముందే అనుమానము కలిగియుండెను. ఫ్రాన్సు దేశపు బూసింగో 1838లో తన ప్రయోగములందు కాయజాతి మొక్కలు నత్రజనిని అదనముగా సంపాదించుట చూచెను. కాని ఆయనయే తరువాత మఱింత జాగ్రత్తతో చేసిన ప్రయోగములలో అట్టిది కనబడలేదు. తగవు తీర్చుటకు లాసు, గిల్బర్టులు ఎవన్ ప్యూ అను అమెరికా యువకుని తోడుతీసికొని 1857, 1858 సంవత్సరములలో ఒక మహాప్రయోగము చేసిరి. మన్నులో నత్రజని యేమాత్రమును దాగియుండరాదని దానిని నిప్పులో కాల్చిరి. మొక్కలను గాజుమూతలక్రింద నుంచిరి. లోపలికి పోవు గాలిని గంధకామ్లముగుండ నడిపి అమ్మోనియాను తొలగించిరి. ఇంత చేసి చూడగా, గోధుమయే కాక చిక్కుడు, బఠాణి, క్లోవరు సయితము గాలిలోని నత్రజనిని గైకొనలేదు. 1861లో ఆ ఫలితము ప్రకటింపబడెను. అంత శ్రద్ధతో చేసిన పరీక్షను కాదనుటకు ఎవ్వరికిని ధైర్యము చాలలేదు. మొక్కలకు గాలిలోని నత్రజనితో పనిలేదనుట అనేకులకు సిద్ధాంతమైపోయెను.

చదువరులారా! ఆ ప్రయోగములో అజాగ్రత్త యెచ్చటను లేదు. అతిజాగ్రత్తయే అసలు రహస్యమును దాచినది. మన్ను కాల్చినప్పుడు నత్రజనితోపాటు, కంటికి కనబడని జీవులును కాలిపోయెను. వండువానిని వెలుపలికి పంపి, పొయ్యిమీద అన్నమేల ఉడుకలేదని వెదకినట్లయ్యెను.

1886 సెప్టెంబరు 20వ తేదీన బెర్లిను నగరమున జరిగిన పండితుల మహాసభలో హెల్రీగెల్ అను జర్మను శాస్త్రవేత్త తన ప్రయోగములను వెల్లడించెను. బెర్న్‌బుర్గ్ పట్టణములో ఆయనయు, విల్ఫార్ట్ అను సహచరుడును ఇసుక కుండీలలో ఓట్లను, బఠాణీలను పెంచిరి. ఓట్ల పంట వేసిన నత్రజనికి సరిగా తగియుండెను. బఠాణీలు మాత్రము ఒక కుండీలో ఆకలితో ఎండిపోవుచు, ప్రక్క కుండీలోనే ఏ నత్రజనియు లేకయే ఏపుగా పెరుగుచుండెను. అంతట వారు ఇసుకను వేడిచేసి అందలి జీవులను చంపిరి. అన్ని బఠాణీలును చిక్కిపోయెను. మంచి పొలపు మన్నును నీటిలో కలిపి, పైకి తేరిన నీటిని కొంచెము పోసిరి; మొక్కలు పచ్చబడి లేచెను, వేళ్ళమీద బుడిపెలు పుట్టెను. ఆ నీటినే మరగించి పోసినప్పుడు ఫలము లేకపోయెను. కనుక బుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చుచున్నవనియు, మొక్క వానికి బదులుగా ఆహారము పెట్టుచున్నదనియు తేలెను. ఆ సభలో గిల్బర్టు స్వయముగా కూర్చుండి ఈ మాటలు వినెను.

అప్పటికి లాసునకు డెబ్బదియొకటవ యేడు నడచి డెబ్బదిరెండవ యేడు జరుగుచుండెను. బారొనెట్ బిరుదము 1882లోనే లభించినది. రాయల్ సొసైటీవారి పతకమును ఆయనయు గిల్బర్టును 1867లోనే పొందిరి. వారి పేరు చెప్పిన చాలును, వ్యవసాయపండితులు లేచి నిలుచుచుండిరి. అట్టివారు పాత గ్రంథమును చూపి క్రొత్త మాటను త్రోసిపుచ్చియుండవచ్చును; లోకములో పలువురు పెద్దలు చేయునది అదియే. వీరట్లు చేయలేదు. 1888లో రోథాంస్టెడ్‌లోనే హెల్రీగెల్ ప్రయోగమును మరల ఆరంభించి, బఠాణి, లూపిను మొదలగు మొక్కలను మన్నునీరు పోసియు పోయకయు పెంచిరి. ఫలితము హెల్రీగెల్ చెప్పినట్లే వచ్చెను. తమ పూర్వప్రయోగములో సూక్ష్మజీవులకు తావు లేకుండ చేసియుంటిమనియు, కాయజాతి మొక్కలు ఆ జీవుల సాహాయ్యమున గాలిలోని నత్రజనిని పొందుట నిజమేననియు వారు బహిరంగముగా ప్రకటించిరి. ఓడినవాడు సిగ్గుపడునట్లు కాక, చిక్కుముడి విడిన బాలుడు సంతోషించునట్లు వారు ఆ పనిలో మునిగిరి.

అదే 1888లో హాలండు దేశపు బైయరింక్ ఆ బుడిపెలనుండి సూక్ష్మజీవిని వేఱుచేసి, దానిని విడిగా పెంచి చూపెను. 1896 నాటికి జర్మనీలో నోబ్, హిల్ట్నర్ అనువారి కృషివలన అట్టి జీవులు సీసాలలో అమ్మకమునకు వచ్చెను. ఆ జీవులకు నేడు రైజోబియము అని పేరు. ఒక్కొక్క జాతి పైరునకు తగిన జీవి ఒక్కొక్కటి. సెనగకు సరిపడునది సోయాచిక్కుడునకు సరిపడదు. ఒక పైరును క్రొత్తగా వేసిన పొలములో దానికి తగిన జీవి లేనప్పుడు, విత్తనమునకు పట్టించి విత్తుట మిక్కిలి మేలు. జీవులు ముందే సమృద్ధిగా నున్న నేలలో మాత్రము ఫలము కొంచెముగా నుండవచ్చును.

ఇచ్చట లాసు పడుచునాటి పనియు, వృద్ధాప్యమున ఒప్పుకొనిన సత్యమును ఒకచోట కలిసికొనుచున్నవి. గాలిలోని నత్రజని అణువును విడదీయుట సులభసాధ్యము కాదు. అందుకు జీవకణములో శక్తిని మోయు పదార్థపు అణువులు 16 వ్యయమగును. ఆ పదార్థములో భాస్వరము ముఖ్యమైన అంశము. భాస్వరము చాలని నేలలో వేరు చక్కగా వ్యాపింపదు, బుడిపెలు తక్కువగా పుట్టును, పుట్టినవి చిన్నవిగా నుండును. పనివాడున్నను ముద్ద లేనిదే పని సాగదు గదా! పార్క్ గ్రాస్ పచ్చికబయలులో భాస్వరము, పొటాషు వేసినచోట క్లోవరు గుంపులుగా లేచుటకు కారణము ఇప్పుడు మనకు విశదమగుచున్నది. లాసు ఆనాడు ఆ జీవులకే విందు చేయుచుండెను. అతిథి యెవరో మాత్రము ఎఱుగడు.

మన తెలుగునాటి రైతునకు ఈ చరిత్రము దూరపుది కాదు. అనంతపురపు మెట్టలలో వేరుసెనగయు, తాండూరు ప్రాంతమున కందియు, కృష్ణాడెల్టాలో వరికోతకు వెనుక మినుమును వేయువారికి సూపర్ ఫాస్ఫేటు బస్తా చిరపరిచితము. అందు నూటికి 16 వంతులు పైరునకందు భాస్వరపు ఎరువు గలదు. దానితోడి జిప్సము వేరుసెనగ కాయ గట్టిపడుటకు సున్నమును, గంధకమును ఇచ్చును. రైజోబియము పొడి పొట్లములును దొరకుచున్నవి. చల్లార్చిన బెల్లపునీటిలో ఆ పొడిని కలిపి, విత్తనములకు పలుచగా పట్టించి, నీడను ఆఱబెట్టి వెంటనే విత్తవలెను. ఎండలో ఆఱబెట్టిన ఆ జీవులు చచ్చును. ఆ విత్తనమును సూపర్ ఫాస్ఫేటుతో కలిపి చల్లరాదు; దాని పులుపు జీవులకు హాని చేయును. ఎరువును ఆఖరు దుక్కిలో ముందుగా వేసి, విత్తనమును పిదప విత్తుట మంచిది. మన పెద్దలు జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తి పూతకాలమున దున్నివేయుటయు ఈ జీవుల సేవను పొందుటయే. హేతువు తెలియకున్నను ఫలమును వారెఱుగుదురు.

లాసు తన యెరువుల వ్యాపారమును 1872లో 3,00,000 పౌనులకు అమ్మివేసెను. అందులో 1,00,000 పౌనులను ప్రయోగములు తన మరణానంతరమును నిరాటంకముగా సాగుటకై ప్రత్యేకించి, 1889లో ధర్మకర్తల కప్పగించెను. పూర్వము రైతులు కృతజ్ఞతతో చందాలు వేసి ఆయనకు కానుక ఇయ్యదలచినప్పుడు, వెండిపాత్రలకు బదులు ప్రయోగశాలను కోరుకొనెను. అది 1855లో తెఱవబడెను. తన గ్రామపు కూలివాండ్రకు కూరగాయలు పండించుకొనుటకు చిన్నచిన్న మడిచెక్కలను ఏర్పఱచెను. 1893లో ప్రయోగములకు ఏబదియేండ్లు నిండినప్పుడు పెద్ద యుత్సవము జరిగెను. గిల్బర్టునకు ఆ యేట సర్ బిరుదము లభించెను. 1900 ఆగస్టు 31వ తేదీన, ఎనుబదియైదవ యేట, తాను పుట్టిన రోథాంస్టెడ్‌లోనే లాసు కన్నుమూసెను. మరుసటి యేటి డిసెంబరులో గిల్బర్టు మిత్రుని వెంబడించెను. వారు 1843 నుండి దాచుచువచ్చిన ధాన్యపు నమూనాలును, మన్ను నమూనాలును నేటికిని అచ్చట భద్రముగా నున్నవి. బ్రాడ్‌బాక్‌లో గోధుమ నేటికిని విత్తబడుచున్నది.

విద్యార్థులారా! పరీక్షలో తప్పిన లెక్కను కొట్టివేసి మరల చేయుటకే మనకు సిగ్గు కలుగును. లోకమంతయు మెచ్చుకొనిన లెక్కను, తన పేరుమీద అచ్చుపడిన లెక్కను, వయస్సు మీఱిన తరువాత కొట్టివేసి మరల చేయుట ఎంతటి పని! లాసునకు ధనము తెచ్చినది సూపర్ ఫాస్ఫేటు. ఆయనను పెద్దవానిగా చేసినది ఆ దిద్దుబాటని మేము తలంచుచున్నాము. ఈ సెలవులలో మీ చేనికి పోయినప్పుడు ఒక మొక్కను పెకలించి, వేళ్ళు కడిగి చూడుడు. బుడిపెలున్నచో ఎన్ని గలవో లెక్కించుడు. లేకున్నచో ఏల లేవో ఆలోచించుడు. మీకు తోచిన జవాబును పుస్తకములో వ్రాసికొని, మరుసటి యేట దానినే మరల పరీక్షించుడు. అప్పుడు మీరు ఈ మహనీయుని శిష్యులగుదురు.